సీటు కుట్టడానికి కావాలి, సంబంధానికి వద్దా?



ఈసారి పాత కారు సీట్ల గురించి రాస్తున్నాను. చదివేసరికి మీలో కొందరికి గుస్సా వస్తుంది. ముందు మా ఇంట్లోనే వచ్చింది కాబట్టి, మీకు రావడంలో తప్పు లేదు.

పోయిన నెల మా ఆపా కూతురికి రిష్తా చూడ్డానికి మెహమాన్లు వచ్చారు. నడికుడి స్టేషన్లో రైలు దిగితే గురజాల తీసుకురావడానికి నా కారు వెళ్ళింది. నా కారు అంటే మా అబ్బా కారు. మారుతి 800, 1999 మోడల్. 2004లో సెకండ్ హ్యాండులో కొన్నాడు. అబ్బా పోయి ఏడేళ్ళయింది, కారు ఉంది. ఇంజను ఇప్పటికీ ఒక్క తాళానికి లేస్తుంది. సీట్లే పోయాయి. దారిలో ఒక గుంత దగ్గర కారు ఎగిరింది. వెనక సీట్లో నుంచి స్ప్రింగు లేచి అబ్బాయి తల్లి కొత్త బురఖాను పట్టుకుంది. చర్రుమని చినిగిన చప్పుడు నాకు ముందుకు వినిపించింది. ఆమె ఏమీ అనలేదు. ఇంటి ముందు దిగేటప్పుడు మాత్రం, "గాడీ బదల్ దో భాయ్, లడ్కీ కే మామూ హో, ఇజ్జత్ కా సవాల్ హై" అంది.

భోజనాలయ్యాయి. పాన్‌దాన్ తిరిగింది. అప్పుడు మాట బయటికొచ్చింది. "మాకేమీ వద్దండీ. అల్లా ఇచ్చింది చాలు. అబ్బాయికి విజయవాడలో నౌకరీ. మీ పిల్ల బస్సుల్లో తిరగాలా? ఒక కారుంటే పిల్లకే ఆరామ్. మీ ఖుషీ." ఖుషీ అన్నారు గానీ కారు పేరు, రంగు కూడా అబ్బాయి మామ నోట్లోంచి వచ్చేశాయి. ఆన్ రోడ్ ఏడు లక్షల పైమాట.

వాళ్ళు వెళ్ళాక మా ఇంట్లో పంచాయితీ. నేను అనుకున్నాను, ఆ ఏడు లక్షల గురించి మాట్లాడుకుంటామని. కాదు. అందరూ నా సీటు మీద పడ్డారు. "నీ కారు వల్లే మన హైసియత్ తక్కువ అనిపించింది, అందుకే అడిగారు" అన్నాడు మా దుల్హేభాయ్. కిరాణా కొట్టు మీద ముగ్గురు పిల్లల్ని చదివించిన మనిషి, కూర్చుని కాగితం మీద ఈఎంఐ లెక్క వేస్తున్నాడు. ఏడేళ్ళకు ఎంత, ఐదేళ్ళకు ఎంత. అమ్మీ తస్బీహ్ తిప్పుతూ, "ముందు ఆ ఖటారా అమ్మెయ్ రా" అంది నాతో.

నేను అమ్మలేదు. సీట్లు కుట్టించాను.

కుట్టించిన చోటి గురించి చెప్పాలి. మాచర్ల రోడ్డులో ఒక రేకుల షెడ్డు. బయట ట్రాక్టర్ సీట్లు, ఆటో టాపులు, బైకు సీట్లు గుట్టగా పడి ఉంటాయి. లోపల ఒక పాత కుట్టు మిషను, దాని వెనక అరవై దాటిన మనిషి. నేను ఆయన్ను చాచా అంటాను. మా అబ్బా గురజాల, పిడుగురాళ్ళ మధ్య అంబాసిడర్ టాక్సీ నడిపిన రోజుల నుంచి దోస్తీ. అంబాసిడర్లో ముందు కూడా బెంచీ సీటే. డ్రైవరు పక్కన ఇద్దరు, గిరాకీ బాగున్న రోజున డ్రైవరుకు అటుపక్క తలుపు వైపు కూడా ఒకడు. ఆ బరువుకు సీటు ఏడాది తిరక్కుండా కుంగేది. స్ప్రింగులు, గోనెపట్టా, కొబ్బరి పీచు, పైన రెక్సిన్. అన్నీ విప్పి చాచానే మళ్ళీ కట్టేవాడు. 2014 మే నెలలో బెంగాల్లో ఉత్తర్‌పారా ఫ్యాక్టరీ ఆగిపోయింది. అదే ఏడాది జనవరిలో మారుతి 800 తయారీ కూడా ఆగింది. రెండు బండ్ల సీట్లూ ఆయన చేతికి కంఠస్థం.

చాచా దూదేకుల ఆయన. ఆయన నాన్న భుజాన విల్లు వేసుకుని ఊరూరా తిరిగాడట. పల్నాడంటే పత్తి. పత్తి తీతలయ్యాక ఇంటింటి ముందు కూర్చుని దూది ఏకి, పరుపులు, దిండ్లు కుట్టి, గింజలో జొన్నలో తీసుకుని వచ్చేవాడు. తర్వాత ఏకే మిషన్లు వచ్చాయి, ఆ వెనక ఫోము పరుపులు వచ్చాయి. విల్లు అటక మీదికి పోయింది. "పరుపు కుట్టిన చెయ్యే అబ్బాయ్, సీటు కుడుతోంది. కూర్చునేదానికీ పడుకునేదానికీ తేడా ఏముంది" అంటాడు.

ముందు నేను చేసిన బేవకూఫీ చెప్పాలి. ఆరేళ్ళ కింద సీట్లు చిరగడం మొదలైనప్పుడు గుంటూరులో ఒక పెద్ద షాపుకు వెళ్ళి 6,500 పెట్టి తళతళలాడే కవర్లు వేయించుకున్నాను. కింద కుళ్ళిన ఫోము, పైన కొత్త తొడుగు. ఏడాదికి తొడుగు కూడా ముడతలు పడి జారిపోయింది. పైగా బెల్టు బకిల్స్ కవరు కింద కూరుకుపోయాయి. బెల్టు పెట్టుకోవాలంటే చెయ్యి దూర్చి వెతుక్కోవాలి, దాంతో ఎవరూ పెట్టుకోవడం మానేశారు. చాచా ఆ కవర్లు పీకి పక్కన పడేస్తూ, "జ్వరం వచ్చినోడికి కోటు తొడిగినట్టుంది" అన్నాడు.

సీట్ల పని ఎలా ఉంటుందో నాకు ఈ నలభై ఆరేళ్ళ వయసులో మొదటిసారి తెలిసింది. మూడు రోజులు అక్కడే కూర్చున్నాను, ఆఫీసుకు సెలవు పెట్టి. సీటు పట్టాల దగ్గర బోల్టులు విప్పితే ముందు సీటు మొత్తం చేతిలోకి వస్తుంది. రెండు బోల్టులు తుప్పుకు పట్టేసి ఉంటే ఆయిల్ కొట్టి ఒక రాత్రి వదిలేశాడు. కార్పెట్ ఎత్తితే కింద తడి. ముందు అద్దం రబ్బరు పాడై వాన నీళ్ళు దిగుతున్నాయి. "సీటు ఎంత బాగా కుడితే ఏంది, కింద నేల తుప్పు తింటుంటే" అని ముందు ఆ రబ్బరు మార్పించి, నేల గీకించి, రంగు కొట్టించాకే సీటు ముట్టుకున్నాడు.

పాత గుడ్డ విప్పితే ఫోము పసుపు పిండిలా రాలింది. ఇరవై ఐదేళ్ళ పిండి. లోపల ఇనప ఫ్రేము, అడ్డంగా వంపులు తిరిగిన స్ప్రింగులు. మూడు స్ప్రింగుల కొక్కేలు విరిగి ఉన్నాయి. బురఖా చింపింది అందులో ఒకటి. వాటికి వెల్డింగు పెట్టించి, స్ప్రింగుల మీద మందపాటి గోనెపట్టా వేశాడు. ఆ పట్టా లేకపోతే స్ప్రింగు ఫోమును కోసేస్తుందట. చవకగా కుట్టేవాళ్ళు మొదట ఎగ్గొట్టేది ఆ పట్టానే, ఎందుకంటే అది ఎవరికీ కనపడదు. దాని మీద నాలుగంగుళాల ఫోము, 40 డెన్సిటీది. డెన్సిటీ అంటే మెత్తదనం కాదు, ఒక ఘనపు మీటరు ఫోము ఎన్ని కిలోలు తూగుతుందన్న లెక్క. తక్కువ డెన్సిటీది షాపులో నొక్కితే హాయిగా ఉంటుంది, ఆరు నెలలకు అప్పడం అవుతుంది. వీపు వైపు రెండంగుళాలు. పైన అరంగుళం మెత్తటి పొర.

నేను మొత్తం రెక్సిన్ వేయమన్నాను. చూపుకు లెదర్లా ఉంటుంది కదా అని. చాచా నవ్వాడు. "రెంటచింతల పక్కన కాపురం పెట్టుకుని రెక్సిన్ ఏందబ్బాయ్? మే నెల మధ్యాన్నం కూర్చుంటే అట్టు లేచినట్టు లేస్తావ్." కూర్చునేచోట, వీపు ఆనే చోట గుడ్డ, పక్కల రాపిడి తగిలేచోట రెక్సిన్. దారం నైలాన్‌ది, డబుల్ కుట్టు. నూలు దారం చెమటకు కుళ్ళుతుంది. బకిల్స్ రెండువైపులా పైకి కనిపించేలా కోత పెట్టాడు. మొత్తం 10,800 అయింది, ఆ అద్దం రబ్బరు కాకుండా.

2024లో ఈ బండికి ఐదేళ్ళ రెన్యువల్‌కు 5,000 కట్టాను. ఇరవై ఏళ్ళు దాటిన కార్లకు 2025 ఆగస్టులో దాన్ని 10,000 చేశారు. కాబట్టి 2029లో అదీ కట్టాలి. అన్నీ కూడితే కూడా ఆ ఏడు లక్షల కారు మీద కట్టే వడ్డీలో ఓ మూలకు రాదు. పాత బండిని పంపించెయ్యాలనే సర్కారు వాదనలో నిజం లేకపోలేదు. పొగ ఎక్కువ, భద్రత తక్కువ, ఎయిర్ బ్యాగుల్లేవు. హైవే మీద పిల్లల్ని వేసుకుని హైదరాబాద్ వెళ్ళడానికి నేనూ దీన్ని తీయను. గురజాల, నరసరావుపేట మధ్య ఒక విలేకరి తిరగడానికి మాత్రం ఇది చాలు.

ఇక అసలు సంగతి.

రెండో రోజు అసర్ నమాజుకు ఇద్దరం కలిసి మసీదుకు వెళ్ళాం. ఒకే సఫ్‌లో, భుజానికి భుజం. తిరిగొచ్చి టీ తాగుతుంటే చాచా ఊరికే అన్నట్టు అన్నాడు: "మీ ఉర్దూవాళ్ళు మంచోళ్ళే అబ్బాయ్. మాకు సలాం చెప్తారు. సంబంధం చెప్పరు."

టీ గొంతులో అడ్డం పడింది. ఎందుకంటే ఆ మాట వెనక ఏముందో నాకు తెలుసు. నిరుడు వాళ్ళ రెండో అబ్బాయికి మా భాంజీని అడిగారు, పక్కింటి ఖాలా ద్వారా, ఎంతో అదబ్‌తో. కుర్రాడు మెకానికల్ డిప్లొమా. ఆ షెడ్డు పక్కనే సొంతంగా వెల్డింగు పని పెట్టాడు. నా సీటు స్ప్రింగులకు వెల్డింగు పెట్టింది అతనే. సిగరెట్ లేదు, పాన్ లేదు, ఐదు పూటలా నమాజు. అమ్మీ ఆ మాట వినగానే రెండు చెంపలూ తాకి, "తౌబా! దూదేకులోళ్ళకా?" అంది. అంతే, మస్‌లా ఖతం. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. కులం గురించి పేపర్లో పాతికేళ్ళుగా వార్తలు రాస్తున్న నేను, చాయ్‌లో బిస్కెట్ ముంచుకుని తింటున్నాను. ఒక్క మాట కూడా అనలేదు.

అందుకే ఇది రాస్తున్నాను. అమ్మీని తిట్టడానికి కాదు. ఆమెకు ఆ మాట ఆమె అమ్మ నేర్పింది. నాకు ఎవరు నేర్పారు? పదో తరగతి దాకా ఉర్దూ మీడియం. ఇఖ్బాల్‌ను బట్టీ పట్టాను. రాజూ బంటూ ఒకే వరుసలో నిలబడ్డారని చెప్పే ఆయన పద్యాన్ని స్టేజీ మీద గొంతెత్తి చదివి ఇనాం కూడా తెచ్చుకున్నాను. తర్వాత డిగ్రీలో తెలుగు చదివి వేమననూ పట్టుకున్నాను. రెండు భాషలూ కలిసి నా నోట ఒక్క మాట పలికించలేకపోయాయి.

మనం ఎంత చిత్రమైన వాళ్ళమో చూడండి. ఖవ్వాలీ పెట్టుకుని మన్సూర్ హల్లాజ్ పేరు రాగానే తలలూపుతాం. 922లో బగ్దాద్‌లో ప్రాణం ఇచ్చిన ఆ సూఫీ పేరులోని హల్లాజ్ అంటే ఏంటి? దూదేకేవాడు. అరబీలో హల్లాజ్, తెలుగులో దూదేకుల. బగ్దాద్‌లో ఉంటే వలీ, మాచర్ల రోడ్డులో ఉంటే తక్కువవాడా? దూదేకేవాణ్ణి అరబీలో నద్దాఫ్ అని కూడా అంటారు. మన దగ్గర లద్దాఫ్ అయింది అదే. మనం గొప్పగా చెప్పుకునే అరబీ మాట, మనం చిన్నచూపు చూసే మనిషి ఇంటిపేరులో కూర్చుని ఉంది.

ఇంకా వినండి. మనం హనఫీలం అంటాం. హనఫీ ఫిఖ్హ్‌లో పెద్ద ఆలిం అబూ బక్ర్ జస్సాస్. జస్సాస్ అంటే సున్నం, గచ్చు పనివాడు. మన పిడుగురాళ్ళ సున్నం బట్టీల దగ్గర దుమ్ములో నిలబడే మనిషి వృత్తి అది. వఖ్ఫ్ చట్టాల మీద కితాబు రాసిన ఖస్సాఫ్ చెప్పులు కుట్టి బతికాడు, ఆ పేరుకు అర్థమే అది. వాళ్ళు తమ పని పేరును దాచుకోలేదు, పేరు పక్కన పెట్టుకున్నారు. రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం ఇంట్లో ఏం చేసేవారని అడిగితే, తన చెప్పులు తానే బాగుచేసుకునేవారని, బట్టలు తానే కుట్టుకునేవారని అమ్మీజాన్ ఆయెషా రజియల్లాహు అన్హా చెప్పారు. సూదీదారం సున్నత్ అని ఏ బయాన్‌లోనైనా విన్నారా మీరు? నేను వినలేదు.

ఈ మాటలు మా ఇంట్లో అంటే, చదువుకున్న ఒక బంధువు "కుఫూ" అన్నాడు. బరాబరీ చూడమని షరియతే చెప్పింది కదా, పేషా కూడా అందులో లెక్కే కదా అని. ఈ వాదనకు జవాబ్ ఇవ్వాలి, ఎందుకంటే ఇది వట్టి బహానా కాదు, కితాబుల్లో ఉంది. ఉంది, నిజమే. హనఫీ కితాబుల్లో పేషా తేడా గురించి చర్చ ఉంది. ఆ చర్చ పక్కనే ఇమామ్ మాలిక్ దీన్ ఒక్కటే చూడమన్నది కూడా ఉంది. మన హనఫీల్లోనే ఇమామ్ కర్ఖీ, జస్సాస్ గారి ఉస్తాద్, ఈ బరాబరీ షరతునే ఒప్పుకోలేదు. ఫాతిమా బిన్తె ఖైస్ ఖురైష్ ఖాన్‌దాన్ స్త్రీ. ఆమెకు మువావియా లాంటి పెద్దింటి రిష్తాలు వచ్చినప్పుడు, ఉసామాను చేసుకోమని సలహా ఇచ్చింది ఎవరు? ఉసామా అబ్బా జైద్ ఒకప్పుడు గులాం. ఆమె మొదట ఇష్టపడలేదు, తర్వాత చేసుకుంది, అల్లా అందులో ఖైర్ పెట్టాడని తానే చెప్పింది. సహీహ్ ముస్లింలో ఉంది, తీసి చూసుకోండి. సూరె హుజురాత్ పదమూడో ఆయత్‌ను నికా ఖుత్బాకు ముందు మైకులో వినిపించి, అదే షామియానా కింద జాత్ అడిగే ఖౌమ్ మనది.

ఆ బంధువును ఒక్కటే అడిగాను. కుఫూ చూస్తున్నాం సరే, కారు అడిగినవాళ్ళతో మనకు ఏ కుఫూ కుదిరింది? వాళ్ళు కట్నం అడిగేవాళ్ళు, మనం ఇచ్చేవాళ్ళం, ఆ బరాబరీయేనా? అతను ఫోన్ చూసుకున్నాడు.

సర్కారు కాగితాల్లో కూడా మనం వేరే వేరే గదుల్లో ఉన్నాం. దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాష్ 1970 నుంచి బీసీ-బి. మిగతా వెనకబడ్డ ముస్లింలకు 2007లో బీసీ-ఇ, నాలుగు శాతం. కాగితం మీద అది అవసరమే, ఎవరి వెనకబాటు వాళ్ళది. ఆ గీతను మనం సర్టిఫికెట్ నుంచి దస్తర్‌ఖాన్ మీదికి తెచ్చుకున్నాం. వాళ్ళకు ఉర్దూ రాదు కాబట్టి సగం ముస్లింలట! ఇండోనేసియాలో కోట్ల మంది ముస్లింలకు ఉర్దూ రాదు. రసూలుల్లాహ్‌కూ రాదు.

గురజాలలో పుట్టి ఈ మాటలు రాయాల్సి రావడం ఇంకా షర్మ్. పల్నాటి వీరుల కథ వినని పిల్లాడు మన ఊళ్ళల్లో లేడు. నలగామరాజు, నాగమ్మ గురజాల వైపు. బ్రహ్మనాయుడు మాచర్ల వైపు. పన్నెండో శతాబ్దంలో ఆ బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టాడు, అన్ని కులాలూ ఒక చాప మీద. మాల కన్నమదాసును కొడుకు అన్నాడు. ఇప్పటికీ కారంపూడి తిరునాళ్ళలో చాపకూడు పెడతారు, మన పిల్లలూ వెళ్ళి చూసొస్తారు. తౌహీద్ మన దగ్గర ఉంది, సఫ్ మన దగ్గర ఉంది. చాప దగ్గరికొచ్చేసరికి మనం ఏ వైపు?

ఇప్పుడు ఆ కారు సంగతి. జహేజ్ అనగానే మనవాళ్ళు "ఖాతూనె జన్నత్‌కు కూడా ఇచ్చారు కదా" అంటారు. ఏం ఇచ్చారో చదవండి. ఒక దుప్పటి, నీళ్ళ తోలుసంచి, ఒక తోలు దిండు, లోపల సువాసన గడ్డి నింపింది. అదీ హజ్రత్ అలీ తన జిరహ్ అమ్మి మెహర్‌గా తెచ్చిన డబ్బుతో కొన్నారని రివాయత్. ఖర్చు పెట్టింది పెళ్ళికొడుకు. మన దగ్గర పిల్ల తండ్రి కిరాణా కొట్టు తాకట్టు పెట్టి, ఏడేళ్ళు వడ్డీ కట్టి కొంటాడు. రిబా గురించి జుమా జుమాకూ వింటాం. పోర్క్ ముట్టని ఇంట్లో, రిబాతో కొన్న కారుకు నిమ్మకాయలు తొక్కించకుండా ఫాతెహా ఇప్పిస్తే అది హలాల్ అయిపోతుందా? ఆ తోలు దిండు కుట్టిన చెయ్యి ఎవరిదో రివాయత్‌లో లేదు గానీ, చాచా లాంటి చెయ్యే అయి ఉంటుంది.

ఖానూన్ కూడా చెప్తాను, విలేకరి అలవాటు. 1961 వరకట్న నిషేధ చట్టం మనకూ వర్తిస్తుంది. అందులో మెహర్‌ను మాత్రం విడిగా మినహాయించారు. తీసుకున్నా, ఇచ్చినా కనీసం ఐదేళ్ళ ఖైదు. "ఖుషీసే" అన్న మాటకు కోర్టులో విలువ ఎంతో వకీలు సాబ్‌లను అడగండి.

నేనేమీ పాక్ సాఫ్ కాదు. నా నికా అప్పుడు మా మామగారు బైకు ఇచ్చారు, ఖుషీసే. నేను అడగలేదని ఇన్నేళ్ళూ చెప్పుకున్నాను. అమ్మీ అడిగింది, నేను ఎక్కి తిరిగాను. దాని కిస్తులు మామగారు మూడేళ్ళు కట్టారని మా పెద్దమ్మాయి పుట్టాక నా బీబీ ఒక రాత్రి చెప్పింది, తగవు మధ్యలో. ఆ తర్వాత ఆ బైకు సీటు మీద కూర్చున్నప్పుడల్లా నాకు ఏదో గుచ్చుకునేది, అందులో స్ప్రింగు లేకపోయినా. బండి అమ్మేశాను. డబ్బు తిరిగి ఇద్దామంటే మామగారు తీసుకోలేదు. ఇప్పుడు ఆయన లేరు.

చాచా కూడా ఫరిష్తా కాదు. తన కూతురికి రెండేళ్ళ కింద బైకు, మూడు తులాలు ఇచ్చాడు. "ఇవ్వకపోతే మా వాళ్ళల్లో కూడా కుదరదు అబ్బాయ్" అన్నాడు. కొడుక్కు తీసుకోవా అంటే కాసేపు మిషను తొక్కి, "పిల్లోడు వద్దంటాడు. వాడమ్మ ఏమంటదో చూడాలి" అన్నాడు. నిజాయితీగా చెప్పాడు కాబట్టి రాస్తున్నాను. బీమారీ మనందరిదీ.

ఇంతకూ అసలు మనిషిని ఎవరూ అడగలేదు. నికాలో ఆడపిల్ల ఇజాజత్ లేకపోతే ఖాజీ కలం ఎత్తడు. మనం మాత్రం ఆ ఇజాజత్‌ను షామియానా వేసి, దేగ్ పొయ్యి మీదికెక్కించాక అడుగుతాం. మా భాంజీ బీఈడీ అయింది. దాని ఇజాజత్ తీసుకునే ఈ సంగతి రాస్తున్నాను. నేను అడిగితే అంది: "మామూ, అబ్బా కొట్టు తాకట్టు పెట్టే ఇంటికి నేను పోను. అది పక్కా. ఆ రెండో రిష్తా సంగతి నాకు తెలీదు. వాళ్ళు అడిగారని కూడా నాకు చెప్పలేదు మీరు. మనిషిని చూడకుండా అవునని ఎట్లా అంటాను, కాదని ఎట్లా అంటాను?"

ఏడాది క్రితం మేం దాని తరఫున కాదనేశాం. దానికి తెలియకుండా.

ఇది చదివే అబ్బాలకు, అమ్మీలకు ఒక మాట. దూదేకులవాళ్ళ అబ్బాయిని వెతికి పిల్లనివ్వండి అని నేను చెప్పడం లేదు. ఎవరికో పుణ్యం చేసినట్టు రిష్తా చేయడం ఇంకో అహంకారం. అడిగిన మనిషిని మనిషిగా చూడండి. చదువు చూడండి, దీన్ చూడండి, అఖ్లాఖ్ చూడండి, సంపాదన చూడండి. నచ్చకపోతే ఆ కారణం చెప్పి కాదనండి. "దూదేకులోళ్ళకా?" అన్న ఒక్క మాటతో కాదు. మీ ఇంటి పరుపు, మీ సోఫా, మీ బండి సీటు, మీ దర్గా గిలాఫ్ ఎవరు కుట్టారో ఒకసారి లెక్క వేసుకోండి. అంత దగ్గరగా మన ఒంటికి తగిలే పని చేసినవాళ్ళు మన ఇంటికి దూరం ఎలా అయ్యారో నాకు చెప్పండి. మన తల కింది దిండు వాళ్ళది.

కారు అడిగినవాళ్ళకు జవాబ్ వెళ్ళింది. దుల్హేభాయ్ చేత నేనే ఫోన్ చేయించాను. "మీ స్థాయికి మేం తూగలేం" అన్నాడు ఆయన, నేను చెప్పమన్న మాట అది కాదు. ఖైర్. కొట్టు తాకట్టు తప్పింది. అమ్మీ వారం రోజులు నాతో మాట్లాడలేదు.

నిన్న ఆపాను సంతకు తీసుకెళ్ళాను. వెనక సీట్లో కూర్చుంది. గుంత దగ్గర అలవాటుగా పైకి లేచి, చీర సర్దుకుని, మళ్ళీ కూర్చుంది. చేత్తో గుడ్డ తడిమి చూసింది. "కుట్టు గట్టిగానే ఉంది" అంది. వచ్చే ఆదివారం అసర్ తర్వాత చాచా వాళ్ళింటికి చాయ్‌కి వెళ్దామన్నాను. చాలాసేపు ఏమీ అనలేదు. రైల్వే గేటు పడి కారు ఆపాక, వట్టి చాయ్‌కే అయితే వస్తానంది. భాంజీని తీసుకురావచ్చా అంటే, దాన్నే అడగమంది. అమ్మీకి మాత్రం ఇప్పుడే చెప్పొద్దంది. అమ్మీకి తెలుగు చదవడం రాదు కాబట్టి ఇది ఆమె కంట పడదు. చదివి వినిపించేవాళ్ళు మా గల్లీలో నలుగురున్నారు, అందుకని ఆదివారం లోపే చెప్పేస్తాను.